గాడిదతో కలిసి నడిచే సెలవులు: పిల్లలు నడుస్తారా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది విజయవాడ, పటమట. ఈ మే నెలలో ఫ్రాన్స్‌లో ఉంటున్న మా ఆడపడుచు దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ దక్షిణాన సెవెన్న్ కొండల్లో సామాను మోసే గాడిదను అద్దెకిస్తారట, దాంతో ఊరి నుంచి ఊరికి ఐదు రోజులు నడుద్దాం అంటోంది తను. మా బాబుకి పదేళ్ళు, పాపకి ఆరు. కుక్క కనిపిస్తేనే నా వెనక దాక్కునే అపార్ట్‌మెంట్ పిల్లలు. అత్తయ్యగారేమో "గాడిద వెనక నడవడానికి అంత దూరం పోవాలా" అంటున్నారు. పిల్లలు నడవగలరా? గాడిద తంతుందేమోనని నాకు టెన్షన్. మేం శాకాహారులం, తిండి సంగతి కూడా చెప్పండి.

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. పిల్లలు నడుస్తారు, అదీ గాడిద ఉంది కాబట్టే నడుస్తారు. ఉత్త నడక అయితే అరగంటకే "ఇంకెంత దూరం" మొదలవుతుంది గానీ, తాడు చేతికిచ్చి దీన్ని జాగ్రత్తగా తీసుకురా అని చెబితే పిల్లల ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. పొద్దున్నే బ్రష్‌తో ఒళ్ళు రుద్దడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళూ మట్టీ తీయడం, నీళ్ళు పెట్టడం, ఇవన్నీ రోజూ చేయాల్సిన పనులే. గిట్టల పని మాత్రం పెద్దవాళ్ళు చేయాలి, బ్రష్ పిల్లలకివ్వండి. నా దృష్టిలో ఈ సెలవుల్లో అసలు విషయం ఈ సేవే, కొండలు చూడటం ఆ తర్వాత.

ఆ ప్రాంతంలో స్టీవెన్‌సన్ దారి అని ఒకటుంది. ఆ పేరున్న రచయిత 1878లో మోడెస్టిన్ అనే ఆడ గాడిదతో దాదాపు 200 కిలోమీటర్లు 12 రోజుల్లో నడిచాడు. మీరు అంత నడవక్కర్లేదు. గాడిద గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది, ఆరేళ్ళ పాప ఉంది కాబట్టి రోజుకి పది, మహా అయితే పన్నెండు పెట్టుకుని మధ్యలో ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉంచుకోండి. బస బుక్ చేసేటప్పుడే గాడిదకి రాత్రి కంచె వేసిన చోటు ఉందా అని అడగాలి, మనుషులకి మంచాలు దొరికి గాడిదకి చోటు లేకపోతే ఆ బుకింగ్ వల్ల ఉపయోగం లేదు.

తన్నుతుందన్న భయం గురించి. వెనక నుంచి చప్పుడు లేకుండా దగ్గరికి వెళ్ళకూడదు, పిల్లల్ని దాని వెనక కాళ్ళకి దగ్గరగా నిలబడనివ్వకూడదు, తాడుని చేతికి చుట్టుకోకూడదు. ఈ మూడూ పాటిస్తే చాలావరకు నిశ్చింతే. బయల్దేరే ముందు అందరూ టెటనస్ ఇంజెక్షన్ సరిగా ఉందో లేదో డాక్టర్‌ని అడగండి, పశువులు తిరిగే మట్టిలో ఆ క్రిములు ఎక్కువ. ఇక గాడిద మొండిది అని మనమంతా అనుకుంటాం కదా, నిజానికి గుర్రం భయపడితే పరుగెత్తుతుంది, గాడిద భయపడితే ఆగిపోతుంది. చిన్న వాగు దగ్గరో, సందులున్న చెక్క వంతెన దగ్గరో అది నిలబడిపోతే ముందు నుంచి లాగకండి, కొట్టడం అసలే వద్దు. పక్కన నిలబడి, అది ముక్కుతో వాసన చూసి తేల్చుకునేదాకా ఆగండి, అవసరమైతే ఒకరు ముందు దాటి చూపించండి. గడ్డి విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. నడుస్తుండగా దారి పక్కన ఒక్కసారి మేయనిచ్చారా, ఇక ప్రతి పొద దగ్గరా ఆగుతుంది. మేతకి వేరే టైమ్ పెట్టి అప్పుడు కడుపునిండా మేయనివ్వండి.

బరువు సాధారణంగా 40 కిలోలకి మించనివ్వరు. అలసిన పాపని ఎక్కించాలంటే ఆ మేరకు సామాను దించాల్సిందే, అదీ యజమాని ఒప్పుకుంటేనే. రెండు వైపుల సంచులూ కావడిలా సరితూగాలి. ఒక వైపు రెండు కిలోలు ఎక్కువైనా జీను పక్కకి జారి వీపు ఒరుసుకుపోతుంది, కాబట్టి చిన్న స్ప్రింగ్ త్రాసు ఒకటి పట్టుకెళ్ళి రోజూ తూచండి, నీళ్ళూ తిండీ అయిపోయేకొద్దీ బరువు మారుతుంటుంది.

మే అంటే మనకి రోహిణి కార్తె గుర్తొస్తుంది గానీ అక్కడ పొద్దున్నా రాత్రీ చలి, వాన కూడా. ఆ కొండల్లో ఎత్తైన మోంట్ లోజెర్ శిఖరం 1,699 మీటర్లు. స్వెటర్లూ రెయిన్‌కోట్లూ తప్పనిసరి.

తిండికి, బస వాళ్ళకి గుడ్డు తింటారో లేదో కూడా ముందే రాసి చెప్పండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సామాన్లలో తేనివ్వరు, అంటే నెయ్యి, పాలకోవా రెండూ వద్దు. బంగినపల్లి మామిడి పళ్ళు కూడా, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా కుదరదు. పులిహోర పేస్టు, కందిపొడి, కాస్త గోంగూర పచ్చడి చాలు, అయినా అవి మోసేది ఎవరో గుర్తుంచుకుని ప్యాక్ చేయండి.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. అదేదో ఇక్కడే చేయకూడదా? ఇటుక బట్టీ దగ్గర ఒక గాడిదను రెండు రోజులు మాట్లాడుకుని పిల్లలతో కొండవీడు ఎక్కుదామని మా ఫ్రెండ్స్ ప్లాన్.

జవాబు: వద్దండీ. బట్టీలో నెలల తరబడి ఇటుకలు మోసి చాలా వాటికి వీపు మీద పుళ్ళుంటాయి. వాటికి కావలసింది విశ్రాంతి, పరిచయం లేని పిల్లలూ కొత్త బరువూ కాదు. పైగా ఘాట్ రోడ్డు మీద కార్లూ బైకులూ తిరుగుతుంటాయి. దేశంలో గాడిదల సంఖ్య 2012 నుంచి 2019 మధ్య 60 శాతానికి పైగా పడిపోయి 1.2 లక్షలకి వచ్చింది, మన జిల్లాల్లో మాంసం కోసం అక్రమంగా కోయడం సంగతి మీకూ తెలుసు. ఉన్నవాటినైనా బాగా చూసుకోవాలి.

బరువు మోసే జంతువుల మీద 1965లోనే కేంద్రం నియమాలు పెట్టింది. గాడిద మీద 50 కిలోలు దాటకూడదు, ఐదు గంటలకి మించి ఏకబిగిన పని చేయించకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు మోయించకూడదు. మన ఎండాకాలంలో చాలా రోజులు ఇది వర్తిస్తుంది.

కొండవీడు డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లారుజామున ఎక్కండి, ఎవరి బ్యాగు వాళ్ళు మోసుకుని. ఆ బట్టీ గాడిదకి నిజంగా పుండు కనిపిస్తే యజమానితో మర్యాదగా మాట్లాడి దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకి తీసుకెళ్ళే ఏర్పాటు చేయండి. ఆటో ట్రాలీ ఖర్చు మీ ఫ్రెండ్స్ అందరూ కలిసి పెట్టుకోండి.