గోరు నల్లబడుతుంటే ముందు షూ సైజు చూసుకోండి

పరుగులో 8 కిలోమీటర్లు దాటగానే బొటనవేలు షూ ముందుభాగానికి కొట్టుకుంటోంది, గోరు నల్లబడింది, ఇంకా మెత్తటి షూ కొనాలా అని అడిగారు. మెత్తదనం వల్ల ఇది తగ్గదండీ. ఆఫీసు షూ సైజే తీసుకున్నానని రాశారు కదా, చిక్కంతా అక్కడే ఉన్నట్టుంది. పరుగెత్తేకొద్దీ పాదం కాస్త ఉబ్బుతుంది, అడుగు పడినప్పుడల్లా షూలో ముందుకు జరుగుతుంది. అందుకే అన్నిటికంటే పొడవైన వేలి ముందు దాదాపు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి రెండో వేలే పొడవు, అది చూసుకోరు! సాయంత్రం పూట, పరుగుకి వేసుకునే సాక్స్‌తోనే, లేచి నిలబడి చూడండి. రెండు పాదాల్లో పెద్దదానికి సరిపోయే సైజే తీసుకోండి. మడమ మాత్రం జారకూడదు. జారితే లేసును పైన ఖాళీగా ఉండే చివరి రంధ్రంలోంచి కూడా తీసి బిగించండి.

చదును పాదాలని (అరికాలిలో వంపు లేదని) టెన్షన్ పడుతున్నారు గానీ, నొప్పి లేనప్పుడు దానికోసం ప్రత్యేకమైన షూ అక్కర్లేదు. వేసుకుని నాలుగడుగులు పరుగెత్తితే హాయిగా అనిపించాలి, అంతే. వారానికి 25 కిలోమీటర్లు, అదీ తారు రోడ్డు మీదే కాబట్టి మామూలు రోడ్ షూ చాలు. అడుగుభాగంలో కార్బన్ ప్లేట్ (గట్టి పలక) ఉన్న రేసు షూల జోలికి ఇప్పుడే వెళ్లకండి. గోరు కింద నొప్పి ఎక్కువైతే, చీము పడితే డాక్టర్‌కి చూపించండి.