టెక్ సందేహాలు: మార్చకపోయినా ‘మార్చి’ అయిపోయిన జన్యువు

ఈ వారం ఉత్తరాల్లో నాలుగు ఒకే వీధి నుంచి వచ్చినట్టున్నాయి. అన్నీ పరిశోధన పత్రాలకు జోడించే అనుబంధ డేటా గురించే. విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల, సముద్ర పరిశోధన కేంద్రాలు అన్నీ ఉన్న విశాఖలో ఇది వింతేమీ కాదు. ఫోను బ్యాటరీల గురించి రాసినవారు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

మద్దిలపాలెం నుంచి ఒక పరిశోధక విద్యార్థిని: నా పత్రంతో పంపిన ఎక్సెల్ పట్టిక చూసి, ‘జన్యువుల కాలమ్‌లో తేదీలెందుకున్నాయి?’ అని సమీక్షకులు అడిగారు. తెరిచి చూస్తే నిజంగానే ‘1-మార్చ్’, ‘2-సెప్’ అని ఉన్నాయి. నేను తేదీలేవీ టైపు చేయలేదు. అసలు పేర్లను తిరిగి రప్పించడం ఎలా?

మీరు చేయలేదు, ఎక్సెల్ చేసింది. మార్చ్‌1, సెప్ట్‌2 అన్నవి కొన్నేళ్ల కిందటి వరకు మనిషి జన్యువుల అధికారిక పేర్లు. వాటిని చూడగానే ఎక్సెల్‌కు క్యాలెండర్ గుర్తుకొస్తుంది. పిలవకుండానే వంటింట్లోకి వచ్చి డబ్బాలు సర్దిపెట్టే చుట్టంలాగా పేరు తీసేసి తేదీ పెడుతుంది. ఈ జబ్బు సంగతి 2004లోనే అచ్చయింది. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు పత్రికల అనుబంధ ఫైళ్లను తిరగేస్తే, ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు ఇచ్చిన పత్రాల్లో సుమారు అయిదో వంతులో ఇలాంటి తప్పులే కనిపించాయి. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘమే తలవంచింది. మార్చ్‌1 కాస్తా మార్చ్‌ఎఫ్‌1 అయింది, సెప్ట్‌2 సెప్టిన్‌2 అయింది. పేర్లను తేదీలుగా మార్చే ఈ అలవాటును ఆపుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది 2023లో!

ఇక మీ పని. ఆ గడిని టెక్స్ట్‌గా మార్చి చూడండి. పేరు రాదు, 46082 లాంటి సంఖ్య వస్తుంది. 2026 మార్చి 1ని ఎక్సెల్ లోపల రాసుకునే తీరు అది. తెర మీద కనిపించేది ఒకటి, ఫైలులో ఉన్నది మరొకటి. ఈ మాట గుర్తుంచుకోండి, కింది ఉత్తరాలకూ పనికొస్తుంది. కాబట్టి పేర్లను ఊహించి దిద్దకండి, విశ్లేషణ ప్రోగ్రాం ఇచ్చిన అసలు ఫైలుకే వెళ్లండి. దాన్ని రెండుసార్లు క్లిక్ చేసి తెరవకుండా, ఎక్సెల్ డేటా మెనూలోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెచ్చుకుని, డేటా రకాలను కనిపెట్టవద్దని ఎంచుకోండి. కొత్త ఎక్సెల్‌లో ఆప్షన్స్‌లోని డేటా విభాగంలో తేదీల మార్పిడిని పూర్తిగా ఆపేయవచ్చు. అయితే మీ కంప్యూటర్‌లో ఆపినంత మాత్రాన మీ గైడుగారి కంప్యూటర్‌లో ఆగదు. అందుకే పేరు పక్కన ఎన్‌సెంబుల్ (జన్యువుల డేటాబేస్) గుర్తింపు సంఖ్యను కూడా ఉంచండి. దాన్ని తేదీగా భ్రమపడటం ఎక్సెల్‌కు కూడా చేతకాదు.

నమూనాల నంబర్లు సున్నాతో మొదలైతే అవీ ఇలాగే పోతాయి. మా ఇంట్లో పాత ఫోను నంబర్ల పట్టిక ఒకటుంది. విశాఖ కోడ్ 0891లోని సున్నాను మింగి పదిహేనేళ్లయింది, ఇంతవరకు కక్కలేదు.

మహారాణిపేట నుంచి వైద్య పీజీ విద్యార్థి ఒకరు: పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన సికిల్‌సెల్ రక్తవ్యాధి రోగుల మీద అధ్యయనం చేశాను. పత్రికవారు డేటా ఫైలు అడుగుతున్నారు. పేర్లు తీసేశాను, ఆధార్, ఫోను నంబర్ల కాలమ్‌లను హైడ్ చేశాను. సరిపోతుందా?

సరిపోదు. ఇంకా పంపకపోతే మీ అదృష్టం. పంపి ఉంటే ఈ జవాబు చదవడం ఆపి, ముందు పత్రిక కార్యాలయానికి మెయిల్ రాయండి.

హైడ్ చేయడమంటే తలుపు మీద తెర వేయడమే. షీటు మొత్తం ఎంచుకుని ‘అన్‌హైడ్’ అంటే ఆధార్ నంబర్లు బారులు తీరి బయటికొస్తాయి. అంతకంటే దొంగది, మొత్తాలు లెక్కకట్టి చూపే పివట్ పట్టిక. అసలు షీటును తొలగించినా దాని నకలును పివట్ తన కడుపులో దాచుకునే అవకాశం ఉంది. మొత్తం చూపే గడి మీద రెండుసార్లు క్లిక్ చేస్తే రోగుల వరుసలన్నీ కొత్త షీటులో ప్రత్యక్షమవుతాయి. కాబట్టి ఉన్న ఫైలును శుభ్రం చేయడం కాదు, అవసరమైన కాలమ్‌లను మాత్రమే కొత్త ఫైలులో విలువలుగా అతికించి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలుగా) దాచండి. సీఎస్‌వీకి కడుపు లేదు.

ఇంతా చేశాక అసలు చిక్కు మొదలవుతుంది. పుట్టిన తేదీ, ఊరు, ఆడా మగా అన్న మూడు వివరాలు చాలు మనిషిని పట్టుకోవడానికి. పుట్టిన తేదీ, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, లింగం తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 1990 జనాభా లెక్కలతో అంచనా వేశారు. అది పెద్ద పట్టణాలతో కలిపి వేసిన లెక్క. మన మన్యంలో ముప్పై గడపల ఊరిని తలచుకోండి. ‘62 ఏళ్ల స్త్రీ, ఫలానా తెగ, ఫలానా ఊరు, జులైలో రక్తం ఎక్కించారు’ అని వరుసలో ఉంటే, ఆ ఊరి ఆశా కార్యకర్తకు పేరు కూడా అక్కర్లేదు. సికిల్‌సెల్ వంశపారంపర్యం కూడా. బయటపడేది ఆమె ఒక్కరి జబ్బు కాదు, పెళ్లి సంబంధాలు చూస్తున్న మనవరాలి సంగతి కూడా.

వయసును పదేళ్ల అంతరాలుగా ఇవ్వండి. ఊరు, మండలం తీసేసి జిల్లా ఉంచండి. తేదీల బదులు ఆసుపత్రిలో చేరిన రోజును సున్నాగా పెట్టి అక్కడి నుంచి రోజులు లెక్కించండి. ఏ వరుస తీసుకున్నా అలాంటివే మరికొన్ని ఉండాలి. ఒంటరి వరుస కనిపిస్తే అంతరాలను ఇంకా వెడల్పు చేయండి. స్కాన్‌లు కూడా జోడిస్తుంటే జాగ్రత్త. స్కాన్ బొమ్మలను దాచే డైకామ్ ఫైళ్ల లోపల రోగి పేరుంటుంది. అల్ట్రాసౌండ్‌లో అయితే బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది. తల ఎంఆర్‌ఐ నుంచి ముఖాన్నే తిరిగి గీయవచ్చు. ఇవన్నీ చేసినా, డేటా ఇతరులకు ఇస్తామని అంగీకార పత్రంలో రాశారా, మీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా అన్నది ముందు తేల్చుకోండి. లేకపోతే అడిగినవారిని పరిశీలించి ఇచ్చే నియంత్రిత భాండాగారమే దారి. ఆ మాట పత్రికకు రాస్తే కాదనరు.

లాసన్స్ బే కాలనీ నుంచి: చేపల రేవులో తీసిన ఫొటోలు, డీఎన్‌ఏ సీక్వెన్సులు కలిపి 30 జీబీ ఉన్నాయి. గూగుల్ డ్రైవ్ లింకు ఇస్తే చాలదా?

ఆ డ్రైవ్ కళాశాల ఇచ్చిన ఖాతాదైతే, మీరు కళాశాల వదిలాక ఆ ఖాతా మూతపడవచ్చు, దానితోపాటు లింకు కూడా. ‘అడిగితే ఇస్తాం’ అని రాయడం దీనికంటే దారుణం. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, అలా మాటిచ్చిన 1,792 పత్రాల రచయితలను డేటా అడిగితే 93 శాతం మంది బదులే ఇవ్వలేదు, లేదా కుదరదన్నారు.

సీక్వెన్సులను వాటికోసం ఉన్న భాండాగారాల్లోనే పెట్టండి. ఫరీదాబాద్‌లో 2022 నుంచి భారతీయ జీవశాస్త్ర డేటా కేంద్రం ఉంది, యూరప్, అమెరికా ఆర్కైవులూ ఉన్నాయి. ఫొటోలకు జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారం బాగుంటుంది. యూరప్ అణుభౌతిక పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్నది, ఉచితం, ఒక్కో రికార్డుకు 50 జీబీ దాకా చోటు, చెరగని డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇస్తుంది. ఫైళ్ల సంఖ్యకు మాత్రం వంద హద్దు, కాబట్టి ఫొటోలను జిప్ చేయండి. ఎక్కించే ముందు ఒక్కో కాలమ్ అర్థమేమిటో, కొలత సెంటీమీటర్లా మిల్లీమీటర్లా అని ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టండి. రెండేళ్ల తర్వాత అది మీకే కావాలి. ఇంట్లో ఒక నకలు ఉంచుకోండి, కానీ బీచ్ పక్క ఇళ్లలో ఉప్పుగాలి ఇనుప కిటికీలనే తినేస్తుంది, ఒక్క హార్డ్‌డిస్క్‌ను నమ్ముకోకండి.

ఎంవీపీ కాలనీ నుంచి: మా ఆరోగ్య సర్వేలో తెలుగు జవాబులున్నాయి. సీఎస్‌వీ తెరిస్తే తెలుగు పోయి, తల మీద గీతలున్న పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. డేటా పాడైందా?

లేదు. ఈసారి ఫైలు మంచిదే, తెరే తప్పు చూపిస్తోంది. పైన చెప్పిన ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ దారిలో తెచ్చి, ఫైల్ ఆరిజిన్ దగ్గర అన్ని భాషల అక్షరాలనూ చదివే 65001 యూటీఎఫ్‌-8 ఎంచుకోండి, తెలుగు వచ్చేస్తుంది. ఇతరులకు పంపేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్‌-8’ రకంగా దాచండి. ఆ పిచ్చి అక్షరాలు కనిపిస్తున్నప్పుడు మాత్రం సేవ్ నొక్కకుండా మూసేయండి. నొక్కితే అవే నిజమవుతాయి.