నీరసానికీ, నిద్రపట్టనివ్వని ఆలోచనలకూ ప్రాణాయామం: ముందు నిశ్వాసం సంగతి చూడండి

పగలంతా నీరసంగా ఉంటోందని, రాత్రి పక్క మీద వాలగానే మనసు పరుగులు తీస్తోందని, ఉత్సాహానికి ఏ ప్రాణాయామం చేయాలో, ప్రశాంతతకు ఏది చేయాలో, రెండూ ఒకే రోజు చేయవచ్చో లేదో, రోజుకు ఎంతసేపు కేటాయించాలో చెప్పమని అడిగారు. తొమ్మిదేళ్ల కిందట దాదాపు ఇవే ప్రశ్నలతో నేనూ మొదలుపెట్టాను. మొదటి నాలుగు నెలలు తప్పుదారిలో నడిచాను కాబట్టి ఆ తప్పు దగ్గర నుంచే జవాబు చెబుతాను.

నా వృత్తి లెక్కల తనిఖీ. సంవత్సరాంతంలో పని పెరిగి ఒళ్లంతా సీసం పోసినట్టు బరువుగా ఉండేది. వీడియోలు చూసి కపాలభాతి (పొట్టను లోపలికి లాగుతూ ఊపిరిని విసురుగా వదలడం), భస్త్రిక (కొలిమితిత్తిలా బలంగా తీసి వదలడం) ఎంచుకున్నాను. వేగం, చప్పుడు, చెమట ఉన్నాయి గనుక శక్తి వీటిలోనే ఉంటుందని అనుకున్నాను. వందతో మొదలైన కపాలభాతి నెల తిరిగేసరికి ఒక్క విడతలో అయిదు వందలకు చేరింది. చేస్తున్నంతసేపూ తల తేలిపోయేది, వేళ్ల చివర్లు చిమచిమలాడేవి. ఆ రోజుల్లో నోటుపుస్తకంలో ‘ఈ రోజు ప్రాణశక్తి వేళ్ల కొసల దాకా పాకింది’ అని గర్వంగా రాసుకున్నాను కూడా. పొద్దున ఇంత బాగుంటే సాయంత్రం కూడా చేస్తే రెట్టింపు లాభం కదా అని అదీ మొదలుపెట్టాను. ఫలితంగా రాత్రి ఒంటిగంట దాకా కళ్లు మూతపడేవి కావు, పగలు చిన్న మాటకే చిరాకు వచ్చేది.

ఆ చిమచిమ సంగతి తెలిసిన వైద్యురాలితో చెబితే ఆవిడ నవ్వి అసలు కారణం వివరించారు. అవసరానికి మించి వేగంగా, బలంగా ఊపిరి తీసి వదిలితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అది తగ్గినప్పుడు మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత కుంచించుకుంటాయి కాబట్టి తల తేలినట్టు అనిపిస్తుంది. రక్తం క్షారగుణం వైపు జరిగి, అందులో అయాన్ల రూపంలో ఉండే కాల్షియం తగ్గడం వల్ల వేళ్లలో, పెదవుల చుట్టూ చిమచిమలు పుడతాయి. అంటే నేను ప్రాణశక్తి అనుకున్నది శరీరం పెట్టిన మొర అన్నమాట. తప్పు కపాలభాతిది కాదు, నేను చేసిన తీరుది. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగగ్రంథం దాన్ని ప్రాణాయామాల్లో కాక, ధౌతి, నేతి వంటి వాటితో కలిపి షట్కర్మల్లో, అంటే శుద్ధిక్రియల్లో చేర్చింది. ఇల్లు ఊడ్చుకోవడం మంచిదే కాని, రోజంతా ఊడుస్తూ కూర్చుంటే దుమ్ము కళ్లలోనే పడుతుంది.

ఆ తరువాత ఒక గురువుగారి దగ్గర చేరాను. కొత్త ప్రాణాయామం ఏదైనా నేర్పుతారని ఎదురుచూస్తే, మూడు వారాల పాటు ఆయన నన్ను శవాసనంలో పడుకోబెట్టి, ఒక చేయి పొట్ట మీద, ఒక చేయి ఛాతీ మీద ఉంచి, ఏ చేయి ముందు కదులుతుందో చూసుకోమన్నారు, అంతే. నాకు ఎప్పుడూ ఛాతీ మీది చేయే కదిలేది. బోర్లా పడుకుని మకరాసనంలో ఊపిరి తీస్తే పొట్ట నేలకు ఒత్తుకోవడం స్పష్టంగా తెలిసింది, ఆ ఆనవాలు పట్టుకుని మెల్లగా వెల్లకిలా కూడా అలా ఊపిరి తీయడం అలవాటైంది. ఆ మూడు వారాల్లోనే నా గురించి నాకు తెలియని విషయం ఒకటి బయటపడింది. అంకెల వరుస కూడుతున్నప్పుడు, ముఖ్యమైన సందేశం చదువుతున్నప్పుడు నేను ఊపిరి బిగబడుతున్నాను. మొత్తం తేలాక ఒక పెద్ద నిట్టూర్పు, మళ్లీ బిగింపు. రోజుకు కొన్ని వందల సార్లు ఇలా జరిగితే సాయంత్రానికి అలసిపోకుండా ఎలా ఉంటాను? మీరు కూడా ఏ ప్రాణాయామమూ మొదలుపెట్టకముందే, పని మధ్యలో మీ ఊపిరి ఏం చేస్తోందో ఒక వారం గమనించండి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, వృత్తిరీత్యా నాకు బాగా నచ్చిన లెక్క అది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు ఒక్కో శ్వాసకు సుమారు 500 మిల్లీలీటర్ల గాలి లోపలికి తీసుకుంటారు. అందులో 150 మిల్లీలీటర్ల దాకా ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది, రక్తంతో ఇచ్చిపుచ్చుకునే గాలిగదుల దాకా చేరదు. నిమిషానికి 12 శ్వాసల చొప్పున 6 లీటర్లు పీల్చినా పనికొచ్చేది 4.2 లీటర్లే. అవే 6 లీటర్లను కంగారులో ఉన్న మనిషిలా 24 పైపై శ్వాసలుగా, అంటే ఒక్కోటి 250 మిల్లీలీటర్లుగా పీల్చితే పనికొచ్చేది 2.4 లీటర్లకు పడిపోతుంది. ఆరు నిదానపు శ్వాసలుగా పీల్చితే 5.1 లీటర్లు అక్కరకొస్తాయి. మొదటి పద్దు మూడింటిలోనూ ఒకటే, వృథా మాత్రమే వేరు. దీనివల్ల రక్తంలో ఆక్సిజన్ ఇబ్బడిముబ్బడిగా పెరుగుతుందని మాత్రం అనుకోవద్దు. ఆరోగ్యవంతుల్లో ఆక్సిజన్ స్థాయి మామూలుగానే 95 నుంచి 100 శాతం ఉంటుంది, అంతకు మించి నింపడానికి చోటు లేదు. పైపై శ్వాసతో ఆ స్థాయిని నిలబెట్టుకోవడానికి ఛాతీ, మెడ, భుజాల కండరాలు అనవసరంగా శ్రమపడతాయి. ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం, చేయవలసిన పనిని ఆ కండరాల చేత చేయించడం మానేసరికి, సాయంత్రాలు నన్ను వేధించే మెడనొప్పి సగానికి సగం తగ్గింది.

మనసు నెమ్మదించడానికి అసలు తాళంచెవి ఉచ్ఛ్వాసంలో కాక నిశ్వాసంలో ఉంది. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు కొద్దిగా నిదానిస్తుంది. నిశ్వాస సమయంలో, మెదడు నుంచి గుండెకు వెళ్లి దాన్ని నిదానింపజేసే వేగస్ నాడి ప్రభావం గుండె మీద ఎక్కువగా పనిచేయడమే దీనికి ముఖ్య కారణం. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిదానంగా ఊపిరి తీసి వదిలితే చాలామందికి ఈ తేడా వేళ్లకే తెలుస్తుంది, నాకు తెలిసిన రోజు చిన్నపిల్లలా ఇంట్లో అందరి చేతులూ పట్టుకుని చూశాను. నిమిషానికి ఆరు శ్వాసల దగ్గర గుండె లయ, రక్తపోటు లయ ఒకదానితో ఒకటి బాగా జత కూడతాయి. 2001లో ఇటలీ పరిశోధకుడు లూచానో బెర్నార్డి బృందం 23 మందిని పరిశీలించినప్పుడు, లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, ‘ఓం మణి పద్మే హుం’ అని జపించినా శ్వాస తనంతట తానే నిమిషానికి ఆరు దగ్గరకు చేరినట్టు తేలింది. వేర్వేరు మతాల జపాలు ఒకే శ్వాసలయకు చేరుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

కాబట్టి మీరు మొదలుపెట్టవలసింది చాలా చిన్న సాధన. వెన్ను నిటారుగా ఉంచి, సుఖాసనంలోనో కుర్చీలోనో కూర్చుని, ముక్కుతోనే నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. అంకె ఒక సెకను అనుకుంటే పది సెకన్లకు ఒక శ్వాస, నిమిషానికి సరిగ్గా ఆరు. అది కష్టమైతే మూడు, నాలుగు అంకెలతో మొదలుపెట్టండి. వదిలిన తరువాత గబుక్కున గాలి కోసం ఎగబడవలసి వస్తే నిశ్వాసం మరీ పొడవైందని అర్థం. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, మొదటి ఆరు నెలలు అసలు వద్దు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారికి ఆ తరువాత కూడా వద్దనే చెబుతాను. సింహాన్నీ, ఏనుగునీ, పులినీ మెల్లమెల్లగా మచ్చిక చేసుకున్నట్టే శ్వాసను వశపరచుకోవాలని, తొందరపడితే అది సాధకుడికే హాని చేస్తుందని హఠయోగ ప్రదీపిక హెచ్చరించింది. నా నాలుగు నెలల అనుభవానికి అంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

దీనికి ఆసనాలు కూడా అవసరమా అంటే, అవసరమే కాని ఎక్కువ అక్కరలేదు. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నవి మూడే సూత్రాలు. స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనమని చెప్పి, అది కుదిరాకే ప్రాణాయామం అంటాడాయన. రోజంతా వంగి కూర్చునేవారి పక్కటెముకలు బిగుసుకుపోయి ఉంటాయి కనుక, ఊపిరికి చోటు చేయడానికి నేను ముందు చేతులు పైకెత్తి తాడాసనం, తరువాత మార్జాలాసనం, భుజంగాసనం, కూర్చుని నడుము తిప్పే ఒక ఆసనం, ఇంతే చేస్తాను. కదలిక ప్రతిదీ శ్వాసతో కలవాలి, పైకి లేచేటప్పుడు ఉచ్ఛ్వాసం, వంగేటప్పుడు నిశ్వాసం. పది పన్నెండు నిమిషాలకు మించదు.

రెండో నెలలో నాడీశోధన కలుపుకోవచ్చు. ఎడమ ముక్కుతో తీసి కుడి ముక్కుతో వదలడం, కుడితో తీసి ఎడమతో వదలడం, ఇది ఒక ఆవృత్తి. అలాంటివి అయిదారు చాలు. ముక్కు దూలాన్ని నొక్కకుండా, రంధ్రం పక్కనున్న మెత్తని భాగాన్ని వేలితో ఆనిస్తే సరిపోతుంది. ఒక ముక్కు ఎప్పుడూ కొంచెం మూసుకున్నట్టే ఉంటుందని చాలామంది కంగారుపడతారు. కొన్ని గంటలకొకసారి రెండు రంధ్రాలూ వంతులు మార్చుకోవడం చాలామందిలో సహజమే, ఈ సంగతిని 1895లోనే రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు నమోదు చేశాడు. పూర్తిగా మూసుకుపోయిన రోజు మాత్రం మానేయండి.

రాత్రి నిద్రకు నాకు అన్నిటికంటే పనికొచ్చింది భ్రామరి. తుమ్మెద ఝంకారంలా పెదవులు మూసి ‘మ్’ అని నాదం చేస్తే, అంకెలు లెక్కపెట్టకుండానే నిశ్వాసం పొడవవుతుంది. లెక్కలతో బతికే మనిషికి రాత్రిపూట కూడా లెక్క పెట్టనక్కరలేని సాధన దొరకడం పెద్ద ఊరట. దీపం ఆర్పాక ఏడెనిమిది సార్లు, పక్కవారికి వినబడీ వినబడనంత మెల్లగా చేస్తాను. గొంతు బిగించి పెద్దగా చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక ఉత్సాహం సంగతి. పొద్దున ఒళ్లు బద్ధకంగా ఉన్న రోజున నాలుగు నుంచి ఆరు సూర్యనమస్కారాలు, ఆ తరువాత ఇరవై ముప్పై తేలికపాటి కపాలభాతి, మధ్యలో రెండుసార్లు విరామం, ఇదీ ఇప్పటి నా పరిమితి. చిమచిమ, తలతిరుగుడు మొదలైతే అక్కడికక్కడే ఆపి మామూలు శ్వాసకు వస్తాను. ఖాళీ కడుపుతో, పొద్దున మాత్రమే చేయాలి. గర్భిణులు, అధిక రక్తపోటు, గుండెజబ్బు, మూర్ఛ, హెర్నియా, గ్లకోమా ఉన్నవారు, ఈమధ్యే పొట్ట శస్త్రచికిత్స అయినవారు కపాలభాతి, భస్త్రికల జోలికి పోకూడదు. రెండు రకాలూ ఒకే రోజు చేయవచ్చా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇదే: చేయవచ్చు, చురుకైనవి పొద్దున, నెమ్మదివి ఎప్పుడైనా. నిద్ర కుదుటపడేదాకా మాత్రం చురుకైనవాటిని పక్కన పెట్టండి, ఎందుకంటే మీ నీరసంలో ఎంత భాగం నిద్రలేమిదో అప్పటిదాకా తేలదు.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. సాధన సరిగ్గా సాగుతున్నా నా నీరసంలో ఒక వంతు మూడో నెలలోనూ అలాగే మిగిలిపోయింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తక్కువని, ఇనుము లోపించిందని తెలిసింది. మందు వాడాక ఆ వంతు కూడా పోయింది. థైరాయిడ్ లోపం, బి12 లోపం, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఇలాంటివన్నీ నీరసం రూపంలోనే కనబడతాయి, వాటిని ఏ ప్రాణాయామమూ తీర్చలేదు. నెలల తరబడి అలసట ఉంటే ముందు వైద్యుడిని కలవండి, సాధన దాని పక్కన సాగుతుంది.

నాకు మార్పు కనబడిన వరుస మీకు అంచనాకు పనికొస్తుందేమో. రెండో వారంలో నిద్ర పట్టడం సులువైంది, నెలన్నరకు చిరాకు తగ్గిందని నాకంటే ముందు ఇంట్లోవారు గమనించారు, పగటి హుషారు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. ఆందోళన ఎక్కువగా ఉన్న కొందరికి కళ్లు మూసుకుని శ్వాసను గమనిస్తే గుండెదడ పెరుగుతుంది. మీకు అలా అయితే పట్టుబట్టకండి. కళ్లు తెరిచి, నడుస్తూ, మూడు అడుగులకు ఉచ్ఛ్వాసం, నాలుగు అడుగులకు నిశ్వాసం చొప్పున సాగితే ఆ కంగారు ఉండదు.

సమయం గురించి అడిగారు. పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి అయిదు నిమిషాలు, ఇది వారానికి ఆరు రోజులు జరిగితే చాలు. ఇది కాక నేను పనిలో పెట్టుకున్న నియమం ఒకటుంది: ఫోను మోగగానే ఎత్తను, ఒక నిండు నిశ్వాసం పూర్తయ్యాకే ఎత్తుతాను. ఈ తొమ్మిదేళ్లలో ఆ కాస్త ఆలస్యానికి ఫోను పెట్టేసినవారు ఎవరూ లేరు.