ఐదు డాలర్ల పిటిషను, అర ఎకరం భయం

అమ్మా,

మీ తమ్ముణ్ణి అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళు టెక్సస్‌లో ఏడు నెలలుగా నిర్బంధంలో ఉంచారని రాశావు. కోర్టుకు వెళ్ళవచ్చా, ఎంతవుతుంది, ఊళ్ళో అర ఎకరం అమ్మమని నాన్నకు చెప్పనా అని అడిగావు. చివరిదానికి ముందు జవాబు: అమ్మవద్దు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా అయినా ఆగు.

ఇంత రాసి, అసలు చెప్పవలసింది మాత్రం చెప్పలేదు. దేశం విడిచి పొమ్మనే ఉత్తర్వు అతని మీద ఖాయమైందా, ఇంకా అప్పీలులో ఉందా? మీ తరానికి ఫోనులో అన్నీ దొరుకుతాయి కానీ, ఏది వెతకాలో తెలియదు. ఇమిగ్రేషన్ కోర్టు వాళ్ళ సమాచార నంబరుకు ఫోను చేసి అతని ‘ఏ నంబరు’ (ఇమిగ్రేషన్ వాళ్ళు మనిషికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) నొక్కితే అది తెలిసిపోతుంది. ముందు ఆ పని చెయ్యి.

నిన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదులే. 2009లో నాకూ ఇది తెలియదు. మా బావమరిది స్టూడెంట్ వీసా మీద వచ్చి, రెండో సెమిస్టరుకే చదువు మానేసి, పెట్రోలు బంకులో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. ఒక రాత్రి కారు వెనక లైటు వెలగడం లేదని పోలీసులు ఆపారు. అక్కడి నుంచి ఇమిగ్రేషన్ వాళ్ళ చేతికి చిక్కాడు. ఎక్కడ పెట్టారో కనుక్కోవడానికే మాకు ఎనిమిది రోజులు పట్టింది. ఇప్పుడైతే ఏ నంబరు, పుట్టిన దేశం కొడితే కంప్యూటరే చెబుతుంది. నువ్వు అదృష్టవంతురాలివి.

నా మొదటి తప్పు పిసినారితనం. ఇమిగ్రేషన్ జడ్జి అతనికి ఏడున్నర వేల డాలర్ల బాండు పెట్టాడు, అంటే అది పూచీగా కడితే కేసు తేలేదాకా బయట ఉండవచ్చు. నా దగ్గర తొమ్మిది వేలు ఉన్నాయి, ఇంటి డౌన్ పేమెంటు కోసం దాచినవి. మా ఆవిడ ‘కట్టేయండి’ అంది. నేను మాత్రం నెలలో కేసు తేలిపోతుంది, ఈలోపు వాడికి తిండీ పడకా ప్రభుత్వమే చూస్తుంది కదా అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను. పదహారేళ్ళయినా ఆవిడ దాన్ని మరచిపోలేదు. అది పోయే డబ్బు కాదని, మనిషి ప్రతి వాయిదాకూ హాజరై చెప్పినట్టు నడుచుకుంటే కేసు ముగిశాక కట్టినవాడికి కొద్దిపాటి వడ్డీతో తిరిగి వస్తుందని నాకు తరవాత తెలిసింది. బాండు కంపెనీకి ఇచ్చే కమీషనే తిరిగి రాదు. నేను ఆలోచిస్తూ ఉండగానే కేసు ఓడిపోయాం, అప్పీలు గడువు దాటింది, ఉత్తర్వు ఖాయమైంది. దానితో బాండు తలుపు మూసుకుపోయింది. ఏడున్నర వేలు మిగిల్చానని మురిసిన వాణ్ణి చివరికి పంతొమ్మిది వేలు వదిలించుకున్నాను. లెక్క నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఎడమవైపు తేదీ, కుడివైపు ఖర్చు. ఫోను కార్డు 25, ఫోను కార్డు 25, క్యాంటీను ఖాతాకు 40, మళ్ళీ ఫోను కార్డు 25. మనిషి లోపల ఎన్నాళ్ళుంటే ఆ పేజీలు అన్ని నిండుతాయి. లాయరు ఫీజు ఒక్కసారి కనబడుతుంది, ఈ పాతికలు కనబడవు.

అసలు విషయానికి వస్తాను. ఉత్తర్వు ఖాయమయ్యాక పంపించడానికి చట్టం 90 రోజులు ఇస్తుంది. ఆ పైన ఎన్నాళ్ళు ఉంచవచ్చనే దాని మీద 2001లో సుప్రీంకోర్టు జాడ్‌వీడస్ కేసులో తీర్పు చెప్పింది. ఆయన జర్మనీలో శరణార్థి శిబిరంలో లిథుయేనియన్ తల్లిదండ్రులకు పుట్టాడు. జర్మనీ మావాడు కాదంది, లిథుయేనియా కూడా తీసుకోలేదు. ఆరు నెలల దాకా సమంజసమే అనుకోవచ్చు, ఆ తరవాత దగ్గర భవిష్యత్తులో పంపించే అవకాశం గట్టిగా లేదని చూపిస్తే ప్రభుత్వం జవాబు చెప్పుకోవాలి అన్నది ఆ తీర్పు. ఆరు నెలలు నిండగానే గేటు తెరుచుకుంటుందని కాదు. నేను అలాగే అనుకుని నూట ఎనభై ఒకటో రోజు ఉదయం ఫోను పక్కనే కూర్చున్నాను. ఎవరూ చెయ్యలేదు. మనం అడగాలి. అడిగే కాగితం పేరే హెబియస్ కార్పస్.

ఈ మాట మన పత్రికలు చదివేవాళ్ళకు కొత్త కాదు. పోలీసులు ఎత్తుకుపోయిన మనిషిని జడ్జి ముందు నిలబెట్టమని హైకోర్టులో వేసేది. ఇక్కడా మూలం అదే, కానీ వ్యవహారమంతా చాలావరకు కాగితాల మీదే నడుస్తుంది. వేసేది ఇమిగ్రేషన్ కోర్టులో కాదు, ఫెడరల్ జిల్లా కోర్టులో. రుసుము ఎంతో తెలుసా? ఐదు డాలర్లు. అదీ లేనివాడు మాఫీ అడగవచ్చు. లోపలున్న మనిషి లాయరు లేకుండా తనే సంతకం చేసి పంపవచ్చు కూడా.

నా రెండో తప్పు ఇక్కడే. ఈ ఐదు డాలర్ల పని మీద మొదట నాలుగు వేలు తగలేశాను. నాకు దొరికిన లాయరుది ఇమిగ్రేషన్ కోర్టులో మంచి పేరే, ఫెడరల్ కోర్టు గడప మాత్రం తొక్కి ఎరగడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అప్పటికే బావమరిదిని లూసియానాకు తరలించారు. మేము ఉండేది న్యూజెర్సీ కాబట్టి ఆయన పిటిషను న్యూజెర్సీలో వేశాడు. మనిషి ఎక్కడ బందీగా ఉన్నాడో అక్కడి కోర్టులోనే, అతన్ని అట్టిపెట్టుకున్న అధికారి మీదే వెయ్యాలట. ప్రభుత్వ లాయరు ఆ ముక్క రాసి పడేశాడు. కేసు లూసియానాకు బదిలీ కావడానికి ఏడు వారాలు పట్టింది. ఏడు వారాల ఫోను కార్డులు నువ్వే లెక్కేసుకో.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. మనిషి అక్కడ ఉండగానే పిటిషను పడితే, తరవాత వేరే రాష్ట్రానికి తరలించినా ఆ కోర్టు అధికారం పోదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సంతతివాళ్ళను శిబిరాల్లో పెట్టినప్పుడు మిత్సుయే ఎండో అనే యువతి వేసిన కేసులో 1944లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. ఆమెను కాలిఫోర్నియా నుంచి యూటాకు మార్చినా కేసు నిలబడింది. అందుకే మీ తమ్ముడు టెక్సస్‌లో ఉండగానే కదలమంటున్నాను.

ఇక నా మూడో తప్పు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. తణుకులో మా అత్తగారికి ఈ సంగతి చెప్పలేదు. అబ్బాయికి ట్రైనింగు, ఫోను చెయ్యడానికి వీలుకాదు అన్నాం. బావమరిది పాస్‌పోర్టు పోయింది. దాని బదులు ఇండియాకు ప్రయాణ పత్రం ఇవ్వడానికి మన కాన్సులేటు చిరునామా విచారణకు ఊరికి పంపింది. కానిస్టేబులు వచ్చి ఫలానా మనిషి మీవాడేనా అంటే, అత్తగారు హడలిపోయి ఆ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు అన్నారు. కన్నకొడుకు! విచారణ మళ్ళీ మొదటికి వచ్చింది. విడ్డూరం ఏమిటంటే, ఆ ఆలస్యమే చివరికి మాకు పనికొచ్చింది. తొమ్మిది నెలలైనా పత్రం రాలేదు, ఎప్పుడొస్తుందో ప్రభుత్వమూ చెప్పలేకపోయింది.

అలాగని మీ తమ్ముడికి ఇలాంటి తెలివితేటలు నేర్పవద్దు. కాన్సులేటు దరఖాస్తు ఇస్తే సంతకం చెయ్యమను, నకలు ఉంచుకోమను. తనే సంతకం పెట్టకపోతే గడియారం ఆగుతుంది, ఆరు నెలల వాదన చేతులారా పోగొట్టుకున్నట్టే. మావాడు తొలి వారంలోనే చేశాడు, ఆ నకలే పిటిషనులో మొదటి కాగితం.

ఉత్తర్వు ఇంకా ఖాయం కాకపోతే దారి వేరు. ఎన్నో నెలకు బాండు విచారణ జరపాలో చట్టంలో రాసిలేదని 2018లో జెన్నింగ్స్ కేసులో సుప్రీంకోర్టు అంది. కాబట్టి రాజ్యాంగం పేరు మీద, ఇతనొక్కడి పరిస్థితి చూపించి వాదించాలి. ఒక్కో సర్క్యూటుది, అంటే కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టుది, ఒక్కో ధోరణి. 2025 సెప్టెంబరులో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు, సరిహద్దులో తనిఖీ లేకుండా వచ్చినవాళ్ళకు బాండు ఇచ్చే అధికారం ఇమిగ్రేషన్ జడ్జీలకు లేదని తేల్చాక, ఈ పిటిషన్లు దేశమంతా కుప్పలుగా పడుతున్నాయి. మీవాడు వీసా మీద వచ్చాడు కనుక అది సూటిగా తగలదనుకుంటాను, లాయరును అడుగు. అడిగేటప్పుడు మరో మూడు ప్రశ్నలు: ఆ జిల్లా ఫెడరల్ కోర్టులో ఇలాంటి పిటిషన్లు ఎన్ని వేశారు, ఫీజు మొత్తానికా దశలవారీగానా, మధ్యలో వదిలిపెడితే ఎంత వెనక్కి? జవాబులు కాగితం మీద తీసుకో. లా కాలేజీల్లో ఉచితంగా చూసే విభాగాలుంటాయి, ముందు వాటికి ఫోను చెయ్యి. మనవాళ్ళకు ఉచితమంటే నామోషీ, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవడం మాత్రం గౌరవం.

మా పిటిషను మీద జడ్జి తీర్పు రాయనే లేదు. జవాబు చెప్పమని ప్రభుత్వానికి గడువు పెట్టాడు, ఆ గడువుకు నాలుగు రోజుల ముందు వాళ్ళే వదిలేశారు. చాలా కేసులు ఇలాగే ముగుస్తాయట. వదిలేశారంటే అయిపోలేదు, నెలనెలా ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళి కనబడి సంతకం పెట్టాలి. పత్రం వచ్చాక రెండేళ్ళకు తనే టికెట్టు కొనుక్కుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు తణుకులో ఎరువుల కొట్టు.

వదిలేసినప్పుడు లూసియానా నుంచి బస్సులో ఒకటిన్నర రోజు ప్రయాణం చేసి మా దగ్గర దిగాడు. లేసులు లేని బూట్లు, ఉల్లిపాయలు పోసే వల సంచిలో బట్టలు, కాగితాలు. మా ఆవిడ పట్టుకుని ఏడుస్తుంటే, వాడు జేబులోంచి మడత పెట్టిన చెక్కు తీసి నా చేతిలో పెట్టాడు. క్యాంటీను ఖాతాలో మిగిలిన 11 డాలర్ల 40 సెంట్లు. ఇంటికొచ్చి నోటు పుస్తకంలో జమ అని రాశాను. పుస్తకం మొత్తంలో జమ అన్నది ఆ ఒక్క పద్దే.