ఓడ దిగిన పూట సొంతంగా తిరగవచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేనూ నా భార్యా, మా బావమరిదీ ఆయన భార్యా, మొత్తం నలుగురం సింగపూర్‌లో క్రూజ్ ఓడ ఎక్కి మలేసియాలోని పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసుకుని మళ్ళీ సింగపూర్ చేరే ప్రయాణానికి టికెట్లు తీసుకున్నాం. మా తాతగారు గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ తరువాత మా కుటుంబంలో ఓడ ఎక్కినవారు లేరు. ఓడ ఆగిన ప్రతి చోటా ఊరు చూపించడానికి ఓడవాళ్ళే టూర్లు అమ్ముతున్నారు గాని, నలుగురికీ లెక్క వేస్తే టికెట్ ఖరీదులో దాదాపు సగం అవుతోంది. తెలుగు, ఒడియా, హిందీ బాగా వచ్చు. ఇంగ్లీషు పని జరిగేంత వచ్చు. మా అంతట మేమే దిగి, చూసి, తిరిగి రావడం క్షేమమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: క్షేమమే, మాస్టారూ. అయితే మూడు రేవులకూ కలిపి ఒకే నిర్ణయం తీసుకోకండి. పొద్దున్న బరంపురం స్టేషనులో దిగి సాయంత్రం రైలుకు వెళ్ళిపోయే చుట్టాన్ని మీరు గోపాల్‌పూర్ తీసుకువెళతారు గాని, ఘాట్ రోడ్డు మీద దారింగిబాడి తీసుకువెళ్ళరు కదా. దారింగిబాడి చూడదగినది కాదని కాదు, ఆ పూటకు అది కుదరదని మీకు తెలుసు. తెలియని ఊళ్ళో ఆ తెలివిడి మనకు ఉండదు కనుక దాన్ని బయలుదేరే ముందే ఇంట్లో కూర్చుని, మ్యాపు ముందు పెట్టుకుని సంపాదించుకోవాలి. ఓడ ఆగే చోటు పేరు ఒకటి, మనం చూడాలనుకున్న ఊరు పేరు మరొకటి అయినప్పుడు ఆ రెంటి మధ్య దూరమెంతో మొదట చూడండి.

ఆ కొలతతో చూస్తే పెనాంగ్‌లో ఓడవాళ్ళ టూరు మీకు అవసరం లేదు. ఓడ ఆగే స్వెటన్‌హామ్ పియర్ జార్జ్ టౌన్ నగరంలోనే ఉంది; గేటు దాటగానే విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్ళు నిండిన గుర్తుగా ఏడాదికొక అడుగు చొప్పున 60 అడుగుల ఎత్తున కట్టిన గడియార స్తంభం కనిపిస్తుంది. దాని పక్కనే కార్న్‌వాలిస్ కోట. అక్కడి నుంచి నెమ్మదిగా నడిస్తే లిటిల్ ఇండియా వీధులు వస్తాయి. క్వీన్ స్ట్రీట్‌లోని మహామారియమ్మన్ గుడి 1833లో కట్టినది. మధ్యాహ్నం తలుపులు మూస్తారు కనుక ముందుగా గుడికి వెళ్ళి, తరువాత ఆ చుట్టుపక్కలే అరటాకులో భోజనం చేయండి. జార్జ్ టౌన్ 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది; ఆ పాత వీధులలో నడవడమే అక్కడ అసలు చూడవలసినది. ఓపిక ఉంటే సముద్రంలో కర్రస్తంభాల మీద చైనా వంశాలవారు కట్టుకున్న ఇళ్ళ వరుసలూ నడక దూరంలోనే ఉన్నాయి. పెనాంగ్ కొండ రైలు కూడా చూడాలని మీ బావమరిదిగారు పట్టుబట్టవచ్చు. ఆ రైలు ఎక్కడానికీ దిగడానికీ క్యూలు పొడవుగా ఉంటాయి కాబట్టి కొండో, ఊరో ఏదో ఒకటి ఎంచుకోండి. నన్నడిగితే ఊరే అంటాను.

పోర్ట్ క్లాంగ్ సంగతి వేరు. ఓడవాళ్ళ కాగితంలో కౌలాలంపూర్ అని రాసి ఉన్నా, ఓడ ఆగే చోటు నుంచి ఆ నగరానికి రోడ్డు మీద గంటకు పైగా పడుతుంది, తిరుగు ప్రయాణంలో ట్రాఫిక్ తోడైతే ఇంకా ఎక్కువ. పెట్రోనాస్ జంట భవనాలూ, 272 మెట్లు ఎక్కి వెళ్ళే బటు గుహల సుబ్రహ్మణ్యస్వామి గుడీ రెండూ ఒకే పూట చూడాలంటే రోజంతా కారులోనే గడుస్తుంది. అక్కడ ఓడవాళ్ళ టూరు తీసుకోవడమే మేలు. గైడు లేకుండా నగరం దాకా తీసుకువెళ్ళి తీసుకువచ్చే బస్సు మాత్రమే అమ్ముతారేమో అడగండి. అది టూరు కన్నా చవకగా ఉంటుంది.

ఫుకెట్‌లో ఓడ ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కోండి. కొన్ని ఓడలు దక్షిణాన ఉన్న లోతు రేవులో ఆగుతాయి. కొన్ని పటాంగ్ తీరానికి ఎదురుగా లంగరు వేసి ప్రయాణికులను చిన్న పడవలలో ఒడ్డుకు చేరుస్తాయి. రెండు చోట్ల నుంచీ ఫుకెట్ పాత పట్టణానికి కారులో వెళ్ళి రావచ్చు. స్పీడు బోటులో దూరపు దీవులకు తీసుకువెళతామని ఒడ్డున ఎవరు ఎంత చవకగా చెప్పినా ఒప్పుకోకండి. సముద్రం పోటెత్తితే తిరిగి రావడం ఆ బోటువాడి చేతిలో కూడా ఉండదు.

ఇక గంటల లెక్క. ఓడ ఉదయం 8కి వచ్చి సాయంత్రం 5కి బయలుదేరుతుందని రాసి ఉంటే మనకు తొమ్మిది గంటలు ఉన్నాయనుకుంటాం. కాని ఓడ కట్టేశాక అధికారుల తనిఖీ పూర్తి కావాలి, టూర్లు కొన్నవాళ్ళు ముందు దిగుతారు, మన కాలు నేల మీద పడేసరికి 9 అవుతుంది. అటు చివర, ఆల్ అబోర్డ్ అని రాసే గడువు సాధారణంగా ఓడ కదలడానికి అరగంట ముందే ఉంటుంది, ఒక్కొక్కప్పుడు ఇంకా ముందు కూడా. నేనైతే ఆ గడువుకు గంటన్నర ముందే రేవు గేటు దగ్గర ఉండేలా చూసుకుంటాను. అంటే మీ చేతిలో ఉన్నవి 9 నుంచి 3 వరకు ఆరు గంటలే, అందులోనే భోజనం, నడక, కారు కోసం ఎదురుచూపు అన్నీ. ఓడవాళ్ళ టూరులో వెళ్ళినవారు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తరువాతి రేవుకు వాళ్ళను చేర్చే బాధ్యత ఓడవాళ్ళే తీసుకుంటారు. సొంతంగా వెళ్ళినవారి కోసం ఓడ ఆగదు. మీరు ఆదా చేసే డబ్బుకు బదులుగా మీరు మోసే బాధ్యత ఇదే.

ఓడ సమయం, ఊరి సమయం ఒకటి కాకపోవచ్చునన్న సంగతి నేను ఫుకెట్‌లోనే నేర్చుకున్నాను. థాయ్‌లాండ్ గడియారం సింగపూర్ కన్నా గంట వెనుక ఉంటుంది. మా ఓడ సింగపూర్ సమయాన్నే పాటించింది. నా ఫోన్ మాత్రం ఒడ్డు చేరగానే తనంతట తానే థాయ్ సమయానికి మారింది. గడువు 5:30. ఫోన్‌లో 3:50 చూసుకుని, ఇంకా గంటన్నర పైనే ఉందని కొబ్బరి బొండాం తాగుతూ కూర్చున్నాను. మా ఇంటావిడ చేతికి పాత హెచ్ఎంటి కీ గడియారం ఉంది. సింగపూర్‌లో ముళ్ళు తిప్పి పెట్టుకున్నది అలాగే ఉంది. ఆవిడ ముంజేయి నా ముందుకు చాపి, "ఇందులో అయిదు కావస్తోంది, చూడండి" అన్నది. బొండాం అక్కడే వదిలి కొండ రోడ్డు మీద వాహనం ఎక్కాం; జెట్టీ చేరేసరికి చివరి పడవకు తాడు విప్పుతున్నారు. అందుకే చెబుతున్నాను: నలుగురిలో ఒక్కరైనా ముళ్ళ గడియారం ఓడ సమయానికి పెట్టుకుని కట్టుకోండి, దిగేటప్పుడు దారిలో పెట్టే బోర్డు మీద రాసిన గడువును ఫోటో తీసుకోండి.

ఓడ సముద్రంలో ఉన్నంత సేపూ ఫోన్లను ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. లేకపోతే అవి ఓడలోని నెట్‌వర్క్‌ను పట్టుకుంటాయి, ఆ బిల్లు చాలా ఎక్కువ. మీరు సింగపూర్‌కు రెండుసార్లు వస్తున్నారు కనుక మీ వీసా రెండో ప్రవేశానికి కూడా చెల్లుతుందో లేదో కాగితం చూసి నిర్ధారించుకోండి.

ప్రశ్న: ముంబయి నుంచి గోవా మీదుగా కొచ్చి వెళ్ళే ఓడలో మా అమ్మను తీసుకువెళుతున్నాను. ఆమెకు 72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. కొచ్చిలో దిగితే ఏమి చూపించగలను?
– గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అమ్మగారికి మట్టాంచేరి కోట చూపించండమ్మా. పోర్చుగీసువారు కట్టించి ఇవ్వగా తరువాత డచ్చివారు బాగు చేసిన ఆ భవనం గోడల మీద రామాయణ కథంతా రంగులలో ఉంది. మన పెద్దలకు ఎవరూ వివరించనక్కరలేకుండానే ఏ ఘట్టం ఏదో అర్థమవుతుంది. పైఅంతస్తుకు మెట్లు ఎక్కాలి కనుక తొందర పెట్టకుండా, మధ్యలో నిలబడుతూ ఎక్కించండి. దానికి కొద్ది దూరంలోనే 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం ఉంది. నేలంతా చైనా నుంచి తెచ్చిన నీలి తెలుపు పలకలే, ఏ రెండు పలకలూ ఒక్కలా ఉండవని చెబుతారు. కోట శుక్రవారం, ప్రార్థనా మందిరం శుక్ర, శనివారాలు మూసి ఉంటాయి కనుక ఓడ ఏ రోజు ఆగుతుందో చూసుకోండి. ఓడలు ఆగేది విల్లింగ్డన్ దీవిలో. రేవును లోతు చేసినప్పుడు తవ్వి తీసిన మట్టితో ఏర్పడిన దీవి అది. అక్కడి నుంచి మట్టాంచేరికి కారు మాట్లాడుకుంటే చాలు. బేరం రానూపోనూ, ఆగే సమయంతో సహా ముందే తేల్చుకోండి. మధ్యలో దుకాణాలకు తీసుకువెళ్ళవద్దని కూడా అప్పుడే చెప్పండి.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. ఓడ నుంచి ఒడ్డుకు వేసే గ్యాంగ్‌వే అనే వంతెన పొద్దున్న చదునుగా ఉండి, ఆటుపోట్లతో సాయంత్రానికి నిటారుగా మారవచ్చు. పొద్దున్న సులువుగా దిగిన పెద్దవాళ్ళు తిరిగి ఎక్కేటప్పుడు ఇబ్బంది పడడం నేను చూశాను. అలసిపోకముందే తిరిగి రండి. కింద నిలబడే సిబ్బందిని సాయం అడగడానికి మొహమాటపడకండి. చక్రాల కుర్చీ కావాలంటే టికెట్ తీసుకున్నప్పుడే అడగాలి. గోవాలో అమ్మగారిని ఓడలోనే విశ్రాంతి తీసుకోనివ్వండి. మార్మగోవా రేవు నుంచి పాత గోవా చర్చిలు దూరమే, రెండు రోజులూ తిరగడం ఆమెకు కష్టం.

ప్రశ్న: పెళ్ళయిన కొత్తలో గ్రీసు ఓడ ప్రయాణం పెట్టుకున్నాం. పిరేయస్‌లో ఎక్కి సాంతోరిని, టర్కీలో కుషాదాసి చూసి తిరిగి పిరేయస్ రావాలి. షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) ఒకటి ఉంటే చాలని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా?
– బ్యాంకు ఉద్యోగి, రాయగడ

జవాబు: కాదు. టర్కీ షెంగెన్ ప్రాంతంలో లేదు. అక్కడ దిగడానికి దాని నిబంధనలు వేరు. అంతకన్నా ముఖ్యమైనది, గ్రీసు నుంచి టర్కీ వెళ్ళి మళ్ళీ గ్రీసుకు రావడమంటే షెంగెన్‌లోకి రెండోసారి ప్రవేశించడమే. ఒక్క ప్రవేశానికే ఇచ్చిన వీసాతో మిమ్మల్ని అసలు ఓడ ఎక్కనివ్వకపోవచ్చు. దరఖాస్తులోనే ఒకటికి మించిన ప్రవేశాలు కోరండి, ఓడ టికెట్‌లోని రేవుల జాబితాను దానికి జత చేయండి.

సాంతోరినిలో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. కొండ కింద లంగరు వేస్తే పడవలో వచ్చి, తీగ మీద నడిచే కేబుల్ కారులోనో, 588 మెట్ల దారిలోనో ఫిరా ఊరికి ఎక్కాలి. గడువు దగ్గర పడ్డాక అన్ని ఓడలవారూ ఒకేసారి కిందికి దిగడానికి వరుస కడతారు. అక్కడ గంట సేపు నిలబడవలసి రావడం వింత కాదు. మెట్ల మీద కంచరగాడిదలు నడుస్తాయి, పేడతో జారుడుగా ఉంటాయి కనుక దిగడానికి మెట్లను నమ్ముకుంటే గట్టి పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. గాలి ఎక్కువైతే కెప్టెన్ ఆ రేవునే వదిలేసి వెళ్ళిపోవచ్చు కాబట్టి, ఓడ రాకపోతే డబ్బు తిరిగి ఇస్తామని రాసి ఇవ్వని వారి దగ్గర కారు గాని, టూరు గాని ముందుగా కొనవద్దు. కుషాదాసిలో మాత్రం నిశ్చింతగా తిరగండి. ఎఫెసస్ శిథిలాలు రేవుకు సుమారు 20 కిలోమీటర్లే. ఎండలో నీడ దొరకదు, నీళ్ళు పట్టుకెళ్ళండి.

ప్రశ్న: మా అబ్బాయి మాకు మధ్యధరా సముద్రంలో ఓడ ప్రయాణం కానుకగా ఇచ్చాడు. రోమ్ నగరానికి రైలులో వెళ్ళి రావాలని నా కోరిక, రైల్వేలో పని చేసినవాణ్ణి కదా. ఓడ తప్పితే ఏం చేయాలన్నదే భయం.
– విశ్రాంత రైల్వే ఉద్యోగి, బల్లార్షా

జవాబు: రైలు మంచి ఆలోచనే. ఓడ ఆగే చివిటావెకియా నుంచి రోమ్ సుమారు 80 కిలోమీటర్లు. రైలులో గంట, గంటంపావు పడుతుంది. అన్ని రైళ్ళూ వెళ్ళే పెద్ద స్టేషను దాకా పోకుండా రోమా సాన్ పియెత్రోలో దిగితే వాటికన్ చర్చి నడక దూరంలోనే ఉంటుంది. ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో దాని మీద ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. రైల్వే సమ్మెలు అక్కడ ముందుగా ప్రకటించి చేస్తారు. ముందు రోజు కనుక్కోండి. తిరుగు రైలు మీరు ఎలా ఎంచుకోవాలో మీకు చెప్పనక్కరలేదు గాని, నా పద్ధతి ఇది: నేను ఎక్కదలచిన రైలు తప్పిపోయినా దాని తరువాతి రైలు కూడా గడువులోగా చేర్చగలిగితేనే ఆ రైలును నమ్ముతాను.

ఇంత చేసినా ఓడ తప్పితే రేవుకే వెళ్ళి, పోర్ట్ ఏజెంటు అనే ఓడ కంపెనీ స్థానిక ప్రతినిధిని కలవండి. మీరు ఎక్కలేదని తెలియగానే సిబ్బంది మీ గది తెరిచి, పాస్‌పోర్టులు దొరికితే ఏజెంటుకు అప్పగించి వెళ్ళడం చాలా ఓడలలో వాడుక. అక్కడి నుంచి తరువాతి రేవుకు చేరే ఖర్చు మీదే. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడే ఓడ తప్పిన సందర్భం అందులో ఉందో లేదో చదవండి. మందులు ఆ పూటకే కాక మరో రెండు రోజులకు సరిపడా సంచిలో ఉంచుకోండి. ఏజెంటు ఫోన్ నెంబరు ఓడవాళ్ళు రోజూ గదికి పంపే కార్యక్రమ పత్రంలో అచ్చవుతుంది. దిగే ముందు దాన్ని రెండు చీటీల మీద రాసి ఒకటి మీ జేబులో, ఒకటి మీ శ్రీమతిగారి చేతిసంచిలో ఉంచండి; ఫోన్ చార్జింగ్ అయిపోయినా, మీరిద్దరూ జనంలో విడిపోయినా అది పనికివస్తుంది.