ఏఐ కోతలు, విశాఖ డేటా సెంటర్ వార్తలు చూసి బ్రాంచి తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో గుమాస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయి ఈఏపీసెట్ రాసింది. ఆమె ర్యాంకుకి కన్వీనర్ కోటాలో పేరున్న పాత కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్) వస్తుందంటున్నారు. ఇంకో కాలేజీవాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్ సీటు ఇస్తామని రోజూ ఫోన్ చేస్తున్నారు. దానికి నాలుగేళ్లకీ కలిపి పది లక్షలు అప్పు చేయాలి. ఒకరోజు పేపర్లో ఏఐ వల్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పోతున్నాయని రాస్తారు. మర్నాడు విశాఖకు గూగుల్ వస్తోంది, ఇక ఉద్యోగాలే ఉద్యోగాలని రాస్తారు. దేన్ని నమ్మమంటారు?

జవాబు: సీటు విషయంలో రెండింటినీ నమ్మొద్దండి. అవి పచ్చి అబద్ధాలని అనడం లేదు. పెద్ద టెక్ కంపెనీ ఒక మాట ప్రకటించిందంటే అది ముందుగా షేర్లు కొన్నవాళ్లు వినడానికి చెప్పిన మాట. దాన్ని పట్టుకుని గుంటూరులో ఒక పిల్ల నాలుగేళ్ల చదువు తేల్చుకోవడం సరికాదు. పైగా ఇవాళ చేరిన పిల్ల నాలుగేళ్ల తర్వాత గానీ బయటికి రాదు. 2021-22లో టీసీఎస్ నికరంగా లక్ష మందికి పైగా ఉద్యోగుల్ని పెంచుకుంది. ఆ ఊపు చూసి అప్పట్లో సీఎస్‌ఈలో చేరిన పిల్లలు డిగ్రీ పట్టుకుని వచ్చింది 2025లో. ఆ ఏడాది జూలైలోనే అదే కంపెనీ సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని చెప్పింది.

కోతల వార్త ఎలా చదవాలో చెబుతాను, ఇంట్లో గాభరా ఎక్కువగా దాని వల్లే కదా. 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేస్తామంది. పేపర్లలో ఎక్కువగా ఆ ఒక్క అంకే కనిపించింది. దాని మాతృసంస్థ ఆల్ఫబెట్ అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థకు ఏటా ఇచ్చే నివేదికలో మొత్తం ఉద్యోగుల లెక్క ఉంటుంది. 2021 చివర 1,56,500 మంది. 2022 చివర 1,90,234. కోత అయ్యాక, 2023 చివర 1,82,502. అంటే ఒక్క ఏడాదిలో 33 వేలకు పైగా పెంచుకుని, మరుసటేడు దాదాపు 8 వేలు తగ్గించుకున్నారు. కరోనా కాలంలో అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా, డబ్బు చవక, అందుకే అంత మందిని తీసుకున్నారు. 2022 మార్చి నుంచి వడ్డీలు పెరుగుతూ 2023 జూలైకి 5.25-5.5 శాతానికి వెళ్లాయి. ఖర్చు తగ్గించక తప్పలేదు. ఆ కోత ప్రకటించేనాటికి చాట్‌జీపీటీ వచ్చి రెండు నెలలు కూడా కాలేదు.

ఇప్పటి కోతల్లో ఏఐ పాత్ర ఉంది, కానీ పేపర్లో రాసే పద్ధతిలో కాదు. 2025 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆ ఆర్థిక సంవత్సరంలో ఏఐ డేటా సెంటర్ల మీద 8,000 కోట్ల డాలర్లు పెడుతున్నామని చెప్పింది. అదే ఏడాది మేలో 6 వేల మందిని, జూలైలో మరో 9 వేల మందిని తీసేసింది. నేను చదువుకునేది ఇలా: చిప్పులకూ కరెంటుకూ అంత డబ్బు పోతుంటే, లాభాల శాతం నిలబెట్టడానికి జీతాల పద్దులో కోయాలి. యంత్రం వచ్చి ఆ 15 వేల మంది పనీ చేసేసిందని దీని వల్ల రుజువు కాదు. అమెజాన్ 2025 అక్టోబరులో 14 వేల ఆఫీసు ఉద్యోగాలు తీసేస్తామన్నప్పుడు అంతా ఏఐ అన్నారు. కొద్ది రోజులకే అధిపతి ఆండీ జాస్సీ విశ్లేషకులతో మాట్లాడుతూ, ఇది ప్రస్తుతానికి ఏఐ వల్ల జరిగింది కాదని, సంస్థలో అంచెలు ఎక్కువైపోవడం వల్లనని చెప్పారు. మొదటి మాట మొదటి పేజీలో వచ్చింది. రెండోది ఎంతమంది చదివారు?

ఇంకో ఉదాహరణ. 2024 అక్టోబరులో గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ తమ కొత్త కోడ్‌లో నాలుగో వంతుకు పైగా ఏఐ రాస్తోందన్నారు. ఆ వాక్యం అక్కడితో అయిపోలేదు, దాన్ని ఇంజినీర్లు చూసి ఆమోదిస్తారని కూడా అన్నారు. మీ అమ్మాయికి పనికొచ్చేది ఆ రెండో సగం. కోడ్ టైపు చేసే పని తగ్గుతోంది, చూసి తప్పు పట్టే పని మిగులుతోంది. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవమున్న ప్రోగ్రామర్లతో ఒక పరీక్ష చేసింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది, వాళ్లేమో 20 శాతం తొందరగా అయిందనుకున్నారు. ఆ తర్వాత పరికరాలు మెరుగయ్యాయి, కాబట్టి ఆ అంకెనే పట్టుకుని కూర్చోకండి. ఏఐ వాడేవాళ్లకి తమ వేగం మీద ఉండే అంచనా నమ్మదగ్గది కాదని మాత్రం గుర్తుంచుకోండి.

భయపడాల్సింది అసలు లేదా అంటే, ఉంది. చెక్‌లిస్టు చూసి చేసే మాన్యువల్ టెస్టింగ్, కస్టమర్ ఫిర్యాదు తీసుకుని పైవాళ్లకి పంపే మొదటి అంచె సపోర్టు, ఒక స్క్రీను చూసి ఇంకోటి అలాగే తయారుచేసే కోడింగ్, ఇవి ఇదివరకు కొత్తవాళ్లకి ఇచ్చే పనులు. ఇవే తగ్గుతున్నాయి. మన సర్వీసు కంపెనీలు వేలల్లో ఫ్రెషర్లను తీసుకున్నది ఎక్కువగా వీటికే. దీన్ని మీరే కనిపెట్టుకోవచ్చు. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, హెచ్‌సీఎల్ టెక్ జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరుల్లో మూడు నెలల ఫలితాలు ఇస్తాయి. వాటి వెబ్‌సైట్లలో ఇన్వెస్టర్ల విభాగంలో ఉండే పత్రాల్లో మొత్తం ఉద్యోగుల సంఖ్య చూడండి. 'ఈ ఏడాది 40 వేల మందిని తీసుకుంటాం' అన్నది మాట. మొత్తం సంఖ్య పెరిగిందా తగ్గిందా అన్నది లెక్క. 2023-24లో టీసీఎస్ ఫ్రెషర్లను తీసుకుంటూనే మొత్తం మీద 13 వేలకు పైగా తగ్గింది.

ఇక విశాఖ. 2025 అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. చాలా పెద్ద పెట్టుబడి, సంతోషమే. కానీ కట్టేది డేటా సెంటర్, అంటే సర్వర్లు పెట్టి నడిపే భవనం. అందులో డబ్బు ఎక్కువగా సర్వర్లకీ, కరెంటు సరఫరాకీ, చల్లబరిచే వ్యవస్థకీ పోతుంది. కట్టేటప్పుడు వేల మందికి పని ఉంటుంది. నడిచేటప్పుడు ఒక్కో కేంద్రంలో షిఫ్టుల్లో ఉండేది వందల్లోనే. ఆ వందల్లో కోడ్ రాసేవాళ్లు తక్కువ. సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్లు, హెచ్‌టీ ప్యానెళ్లు, యూపీఎస్, బ్యాటరీలు, డీజిల్ జనరేటర్లు, చల్లబరిచే చిల్లర్లు, వీటన్నిటినీ ఒకచోట నుంచి గమనించే బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, వీటి దగ్గర నిలబడేది ఈఈఈ, మెకానికల్, పాలిటెక్నిక్ పిల్లలు. ఏఐ గురించి ఇంత గోల జరుగుతుంటే అది మన రాష్ట్రంలో నేరుగా తెచ్చే పనికి దగ్గరగా ఉన్నది మీరు సందేహిస్తున్న ఈఈఈ. ఈ మాట ఏ కాలేజీ ఫోన్ చేసి చెప్పదు.

అమరావతి క్వాంటమ్ వ్యాలీ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఆ క్వాంటమ్ కంప్యూటర్ల రంగంలో పనికి లీనియర్ ఆల్జీబ్రా, ఫిజిక్స్ బాగా రావాలి, చాలావాటికి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కావాలి. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుకి వేలు పోయకండి. ఐబీఎం తన క్వాంటమ్ పాఠాలు ఉచితంగానే పెట్టింది.

ఇప్పుడు ఆ ఏఐ-ఎంఎల్ సీటు సంగతి. కాలేజీ కరపత్రంలో 'హయ్యెస్ట్ ప్యాకేజీ' అని ఒక ఫొటో ఉంటుంది. యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) పైనున్న కాయ చూసి మీరు ధర కట్టరు కదా, చెయ్యి లోపలికి పెట్టి తీస్తారు. ఇక్కడ లోపలి కాయ ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం కాలేజీలకిచ్చే ర్యాంకింగు) పత్రంలో ఉంటుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుకి దరఖాస్తు చేసిన కాలేజీ తానిచ్చిన వివరాల్ని తన వెబ్‌సైట్లో పెట్టాలి. అందులో నాలుగేళ్ల యూజీ అనే పట్టికలో ఎంతమంది చేరారు, ఎంతమంది సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అని వరసగా ఉంటాయి. మధ్యస్థ జీతమంటే ఉద్యోగం వచ్చినవాళ్లలో సగం మందికి అంతకంటే తక్కువ వస్తోందని. ఉద్యోగాలు వచ్చినవారిని పాసైనవారితో కాదు, చేరినవారితో భాగించి చూడండి. ఆ పత్రం వెబ్‌సైట్లో లేకపోతే ఫోన్ చేసినతన్ని అడగండి. నీళ్లు నమిలితే జవాబు మీకు అర్థమైపోతుంది.

ఎన్‌బీఏ గుర్తింపు (చదువు నాణ్యత చూసి ఇచ్చేది) ఉందంటే ఏ బ్రాంచికని అడగండి. అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు, బ్రాంచికి ఇచ్చేది. కొత్త బ్రాంచికి కొన్ని బ్యాచ్‌లు బయటికి వెళ్లేదాకా అది రాదు. సీఎస్‌ఈకి ఉన్న గుర్తింపు చూపించి ఏఐ-ఎంఎల్ సీటు అమ్మేవాళ్లు ఉన్నారు. తర్వాత రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ నెట్‌వర్క్స్, డేటాబేస్, డేటా స్ట్రక్చర్స్ రెండింటిలోనూ ఉన్నాయో లేదో చూడండి. ఏదన్నా పోయి, దాని స్థానంలో గంభీరమైన పేరున్న సబ్జెక్టు వచ్చిందంటే అది నష్టమే. ఆ సబ్జెక్టు చెప్పేదెవరో కాలేజీ వెబ్‌సైట్లో అధ్యాపకుల పట్టిక చూస్తే తెలుస్తుంది. 2024-25 నుంచి అర్హత ఉన్న కాలేజీలు ఒక్కో బ్రాంచిలో ఎన్ని సీట్లయినా పెంచుకునేలా, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పరిమితి ఎత్తేసింది. సెక్షన్లు పెంచినంత తేలిగ్గా చెప్పేవాళ్లు దొరకరు.

అప్పు లెక్క కూడా వేద్దాం. పది లక్షలు, 10.5 శాతం వడ్డీ, ఏడేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 16,900. చదువుకునే నాలుగేళ్ల వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువ. టీసీఎస్ ఫ్రెషర్లకిచ్చే మామూలు ప్యాకేజీ ఏడాదికి 3.36 లక్షలు. పదేళ్ల కిందా ఇంచుమించు ఇంతే. పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా పోగా చేతికొచ్చేది నెలకు 22, 23 వేలు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్ ఫీజు కట్టి ఆ పిల్ల వాయిదా ఎలా కడుతుంది? మీరే కట్టాలి.

అందుకే నా సలహా ఈఈఈ వైపు. పెద్ద సర్వీసు కంపెనీలు క్యాంపస్ పరీక్షకి చాలావరకు బ్రాంచి పట్టించుకోవు, 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగులు లేకపోవడం చూస్తాయి. ఆ దారి ఆమెకి మూసుకుపోదు. ఈఈఈ చదువుతూ కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ డిగ్రీ చేసే వీలుందేమో కాలేజీలో అడగండి. గేట్ అనే జాతీయ పరీక్ష రాస్తే పవర్‌గ్రిడ్, ఎన్‌టీపీసీ లాంటివి, నోటిఫికేషన్ వచ్చినప్పుడు గుణదల విద్యుత్ సౌధ నుంచి నడిచే ట్రాన్స్‌కో, జెన్‌కో ఉద్యోగాలు ఈ బ్రాంచికి ఉంటాయి. ఒక్క షరతు. అమ్మాయికి ప్రోగ్రామింగ్ అంటే నిజంగా ఇష్టమేమో ముందు ఆమెనే అడగండి. ఇష్టమైతే కన్వీనర్ కోటాలోనే కొంచెం చిన్న కాలేజీల్లో మామూలు సీఎస్‌ఈని వెబ్ ఆప్షన్లలో ఈఈఈ కంటే పైన పెట్టుకోవచ్చు. అప్పు చేసి కొనే ఏఐ-ఎంఎల్ సీటు మాత్రం వద్దు.

ఏ బ్రాంచి అయినా మొదటి ఏడాది సీ, పైథాన్ సొంతంగా రాయాలి. ల్యాబ్ రికార్డులు చాట్‌జీపీటీతో నింపిన పిల్లలు ఇంటర్వ్యూలో పది వరసల ప్రోగ్రాం దగ్గర ఆగిపోతున్నారు. అరగంట తనే తంటాలు పడి, అప్పుడు ఏఐని అడిగి, అది ఇచ్చినదాంట్లో ప్రతి వరసా ఎందుకుందో చెప్పగలగాలి. రెండో ఏడాదికి ఎస్‌క్యూఎల్, లైనక్స్, గిట్ చేతికి రావాలి. ల్యాప్‌టాప్‌కి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. ఏఐ కోసమని గ్రాఫిక్స్ కార్డున్నది లక్ష పెట్టి కొనకండి, చదువు స్థాయి పనికి గూగుల్ కోలాబ్ ఉచితంగా సరిపోతుంది. ఆఖరి ఏడాదిలో డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తామనో, అనుభవ పత్రం తయారుచేసిస్తామనో వచ్చేవాళ్లని గుమ్మంలోకి రానివ్వకండి. కంపెనీలు పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) మీద ఉండే చరిత్ర చూస్తాయి, దొంగ అనుభవం అక్కడ దొరికిపోతుంది.

కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆ మేనేజ్‌మెంట్ కాలేజీకి అడ్వాన్సు కట్టకండి. 'సీటు బ్లాక్ చేస్తాం' అని టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ అడిగితే ఇవ్వకండి. సరిచూసి వెనక్కి ఇచ్చేయాలే గానీ ఏ కాలేజీ వాటిని తన దగ్గర అట్టే పెట్టుకోకూడదని ఏఐసీటీఈ నిబంధన ఉంది. ఒకసారి వాళ్ల బీరువాలోకి వెళ్లాయా, కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన రోజు మీరు వాటి కోసం తిరుగుతూ ఉండాల్సి వస్తుంది.