బొమ్మలు వేస్తూ రంగుల సలహాలు కూడా ఇస్తున్న నా శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పగలంతా ఇళ్ళకూ ఆఫీసులకూ తిరిగి గోడల రంగులు చెప్పడం, చీకటి పడ్డాక కాన్వాసు ముందు కూర్చోవడం, కూర్చున్నా కుంచె కదలకపోవడం గురించి నువ్వు రాసినదంతా రెండుసార్లు చదివాను. సమయం చాలడం లేదని బాధపడ్డావు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ రెండు పనులూ చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను తల్లీ, మన పనిలో సమయం కంటే ముందు చూపు అయిపోతుంది. బొమ్మ వేసేవీ, గోడకు రంగు ఎంచేవీ ఆ రెండు కళ్ళే. అందువల్ల నీ రోజును గంటలతో పంచుకునే ముందు కళ్ళ ఓపికతో పంచుకో.

ఎర్రటి కాగితాన్ని అరనిమిషం రెప్ప వేయకుండా చూసి, వెంటనే తెల్లగోడ వైపు తిరిగితే అక్కడ నీలి ఆకుపచ్చ నీడ ఒకటి కనిపిస్తుందని నీకు తెలుసు. తరగతిలో దాన్ని సరదాగా చూపిస్తాం కానీ, వృత్తిలోకి వచ్చాక అది డబ్బు ఖర్చు చేయించే విషయం. ఒకప్పుడు నేను వరుసగా మూడు రోజులు పెద్ద నారింజ రంగు కాన్వాసు మీద పనిచేస్తూ, మధ్యలో లేచి, ఆ తడి కాన్వాసు ఎదురుగా ఉండగానే షేడ్ కార్డు, అంటే పెయింటు కంపెనీ ఇచ్చే రంగు నమూనాల పట్టిక, తెరిచి ఒక హాలుకు బూడిద రంగు ఎంచాను. నారింజకు అలవాటుపడిన కళ్ళకు అసలైన బూడిద రంగులన్నీ నీలంగా కనిపించాయి. నీలం లేనిది కావాలని నేను ఎంచింది నిజానికి గులాబీ ఛాయ కలిసిన బూడిద రంగు. నాలుగు గోడలకూ రెండు పూతలు పూర్తయ్యాక ఆ ఇంటావిడ నన్ను పిలిచి ఏమీ అనకుండా గోడ వైపు చూపించారు. మళ్ళీ వేయించిన ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి నారింజ, ఎరుపు వంటి గట్టి రంగులతో పనిచేసిన పూట షేడ్ కార్డు ముట్టుకోలేదు.

ఈ విషయం మనకంటే చాలా ముందే ఒక రసాయన శాస్త్రవేత్తకు ఎదురైంది. మిషెల్ యూజీన్ షెవ్రల్ 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగానికి అధిపతి అయ్యాడు. నీలం, ఊదా వస్త్రాల మడతల్లో నీడ కోసం వాడే నల్ల దారం సరిగా నల్లగా ఉండటం లేదని అక్కడ ఫిర్యాదు ఉండేది. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు, పక్కనున్న రంగులే ఆ నలుపును బలహీనంగా కనిపించేలా చేస్తున్నాయి. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ ఆయన 1839లో ప్రచురించిన నియమమే ఈనాటికీ మన వృత్తికి పునాది. ఎవరైనా నీ దగ్గరకు వచ్చి గోడ రంగు బాగాలేదంటే, ముందు నేల, పరదాలు, సోఫా చూడు. చాలాసార్లు గోడను ముట్టుకోనక్కరలేదు.

ఇక రోజు విషయానికి వస్తాను. ఉదయం తాజా కళ్ళు నీ బొమ్మకే ఇవ్వు. లేచిన తరువాత మొదటి రెండు మూడు గంటలు ఫోను చూడకుండా, ఇతరుల గోడల గురించి ఆలోచించకుండా నీ కాన్వాసు దగ్గర ఉండు. ఆ తరువాత కనీసం అరగంట రంగు పని ఏదీ పెట్టుకోకు. లెక్కలు రాసుకో, ఉత్తరాలకు జవాబులివ్వు, కాస్త నడిచి రా. మధ్యాహ్నం నుంచి సలహాల పని చేసుకో, అయితే రోజుకు రెండు ఇళ్ళకు మించి ఒప్పుకోకు. మూడో ఇంట్లో నువ్వు చెప్పే రంగు నీ కళ్ళు చెప్పింది కాదు, ఆ రోజు ముందు చూసిన రెండిళ్ళ అలవాటు చెప్పింది. రెండు పనులూ కలిసిపోయే రోజులు తప్పవు కాబట్టి సంచిలో మధ్యస్థమైన బూడిద రంగు అట్ట ఒకటి ఉంచుకో. ఏ రంగునైనా ఎంచే ముందు కాసేపు దాన్ని చూస్తే కళ్ళు కొంత సర్దుకుంటాయి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ నమూనా మీద పెట్టమని కోరుతున్నాను. షేడ్ కార్డులోని చిన్న ముక్కను చూసి ఎప్పుడూ మాట ఇవ్వకు. అర మీటరు పొడవు, అంతే వెడల్పు ఉన్న అట్ట తీసుకుని, వేయబోయే పెయింటుతోనే రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వు, ఎందుకంటే గోడలకు వేసే ఎమల్షన్ పెయింటు తడిగా ఉన్నప్పుడు ఒక తీరుగా, ఆరాక సాధారణంగా కొంచెం ముదురుగా ఉంటుంది. అట్టను బల్ల మీద పరచి చూడకు. గోడలాగే నిలువుగా పట్టి చూడు, పడే వెలుగు వేరవుతుంది. కిటికీకి ఎదురు గోడ మీద, కిటికీ ఉన్న గోడ మీద, చివరికి మూలలో పెట్టి చూడు. మూలలో రెండు గోడలూ ఒకదాని మీదికొకటి రంగు విసురుకుంటాయి కాబట్టి అక్కడ రంగు చిక్కబడుతుంది. గదంతా వేశాక అదే జరుగుతుంది, అందుకే నచ్చిన రంగు కంటే ఒక మెట్టు లేతగా ఎంచడం నాకు అలవాటు. ఉదయం, మధ్యాహ్నం, దీపాలు వేశాక, ఈ మూడు వేళల్లోనూ చూడందే సంతకం పెట్టకు.

దీపాల సంగతి తప్పక అడుగు. వెలుగు పసుపా నీలమా అన్నది కెల్విన్ అంకె చెబుతుంది. 2700 కెల్విన్ బల్బు కింద పసుపు పులుముకున్నట్టు కనిపించే తెలుపు, 6500 కెల్విన్ వెలుగులో నీలిగా, ఆసుపత్రి గోడలా మారుతుంది. బల్బు డబ్బా మీద రంగులను ఎంత నిజంగా చూపుతుందో తెలిపే సీఆర్ఐ అంకె కూడా చదువు. మామూలు ఎల్‌ఈడీల్లో అది 80 దగ్గర ఉంటుంది, నీ స్టూడియోలో మాత్రం 90కి తగ్గనివ్వకు. పగటి వెలుగులో ఒకేలా కనిపించిన పరదా, గోడ, దీపం కింద రెండు వేర్వేరు రంగులు కావడం నువ్వు చూసే ఉంటావు. ఆ తప్పు అద్దకం చేసినవారిదీ కాదు, పెయింటు కలిపినవారిదీ కాదు, వెలుగు మారడం వల్ల వచ్చేది.

ఒప్పందం మాత్రం కాగితం మీద రాసుకో. ఎన్నిసార్లు వస్తావు, ఎన్నిసార్లు మార్పులు చేస్తావు అన్నవి అందులో ఉంటే చాలు. ప్రతి పనికీ రంగు కోడ్, పెయింటు మెరుపు రకం, కిటికీ దిక్కు, తేదీ ఒక పుస్తకంలో రాసి, అట్ట ముక్క అతికించు. గోడకు సరిపడా డబ్బాలన్నీ ఒకే బ్యాచ్‌వి దొరక్కపోతే, మొదలుపెట్టే ముందే అన్నీ ఒక పెద్ద బకెట్లో కలిపించు.

సలహాల పని నీ బొమ్మను తినేస్తుందేమో అని రాశావు. ఆ భయం నాకూ ఉండేది. కానీ ఇతరుల గదుల్లో గంటల తరబడి తెలుపులను పోల్చి చూశాకే నా చిత్రాల్లో నీడలు బాగుపడ్డాయి, తెలుపులో ఎన్ని రకాలున్నాయో అప్పటిదాకా నాకు తెలియదు. నీ కాన్వాసుకు ఉదయం దక్కినంత కాలం ఆ రెండో పని దానికి మేలే చేస్తుంది.

చివరగా ఒక సహాయం అడుగుతున్నాను. వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపెక్కి నీలాలు మందగిస్తాయి. 1923లో శుక్లాల ఆపరేషన్ జరిగే ముందు ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే తన రంగు ట్యూబులను పేర్లు చూసి వాడుకోవలసి వచ్చింది. నాకు అంత ఇబ్బంది లేదు కానీ, ఇప్పుడు వేస్తున్న చిత్రంలో సాయంకాలపు నీలం నేను అనుకున్నంతే ఉందా, ఎక్కువైందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. వచ్చే ఆదివారం ఉదయం, మరే రంగూ చూడక ముందే ఒకసారి వచ్చి చూసి చెప్పు.

నీ క్షేమం కోరే,
మీ టీచరు